గుండె కండర కణంలో కాల్షియం – హార్మోన్ల అదుపు

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ వైపు సాగే రహదారి పక్కన, కొత్తపేట వద్ద, సుమారు 22 ఎకరాల స్థలం మూడున్నర దశాబ్దాలపాటు గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టుగా పేరుపొందింది. 1986లో జాంబాగ్ నుంచి తరలివచ్చిన ఈ మార్కెట్టు వేసవిలో మామిడి లారీలతో, తక్కిన కాలమంతా బత్తాయి రాశులతో కిటకిటలాడేది. 2021లో దానిని బాటసింగారానికి తరలించారు. 2022 ఏప్రిల్ 26న ఆ స్థలంలో టిమ్స్ సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. కాయలు మాగబెట్టిన నేలమీద రోగుల గుండెలకు వైద్యం చేసే భవనానికి పునాది పడింది.

ఆ మార్కెట్టు వ్యవసాయ శాస్త్రవేత్తలకు మరో కారణంగా కూడా గుర్తుండిపోయింది. మామిడిని కాల్షియం కార్బైడ్‌తో మాగబెడుతున్నారన్న పత్రికా కథనాలపై 2015లో ఉమ్మడి హైకోర్టు తనంతట తానుగా విచారణ చేపట్టింది. కార్బైడ్ పేరులో కాల్షియం ఉండటం వల్ల నాటి నుంచి నేటి వరకు ఒక అపోహ మిగిలిపోయింది. ఆ పండ్లు తింటే ఒంట్లో కాల్షియం పేరుకుని గుండె దెబ్బతింటుందని కొందరు, కాల్షియమే కనుక మేలే చేస్తుందని మరికొందరు అనుకుంటారు. రెండూ సరికావు. కార్బైడ్ రాయికి తేమ తగిలినప్పుడు ఎసిటిలీన్ వాయువు వెలువడి, అడుగున సున్నం మిగులుతుంది. కాయను మాగించేది ఆ వాయువు. ప్రమాదం తెచ్చేవి కార్బైడ్‌లో మాలిన్యాలుగా ఉండే ఆర్సెనిక్, భాస్వర సంబంధ పదార్థాలు. చట్టం కార్బైడ్‌ను నిషేధించి, దాని స్థానంలో పది లక్షల భాగాలకు 100 భాగాల వరకు ఇథిలీన్ వాయువును అనుమతించింది.

ఇథిలీన్ మొక్కల హార్మోను. కాయకు తీపిని గాని, రంగును గాని అది బయటి నుంచి మోసుకురాదు. కాయలో అప్పటికే ఉన్న పిండి పదార్థం చక్కెరగా మారడానికి, గోడల పెక్టిన్ సడలడానికి ఆజ్ఞ మాత్రమే ఇస్తుంది. గుండె కండర కణంలో కాల్షియంపై హార్మోన్లు చేసే పని కూడా ఈ కోవకు చెందినదే. విస్తరణ శాస్త్రవేత్తకు కాల్షియం సున్నపు నేలల్లో, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్‌లో, టమాట కాయ అడుగు కుళ్ళులో, రాగి గింజలో పరిచయమైన పోషకం. కణం లోపల అది పోషకమనే హోదాను వదిలి సంకేతమవుతుంది. ఈ భేదం గ్రహించకపోతే పశువుల కొట్టంలో ఇచ్చే సలహా ప్రాణాంతకం కావచ్చు. ఆ సంగతి చివరన వస్తుంది.

చెరువు, తూము, నీరటి

వయోజనుని శరీరంలో కిలోకు పైగా కాల్షియం ఉంటుంది. అందులో 99 శాతం ఎముకల్లో, దంతాల్లో నిల్వ ఉంటుంది. రక్తంలో 100 మిల్లీలీటర్లకు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాములు ఉంటే, అందులోనూ దాదాపు సగమే స్వేచ్ఛగా తిరిగే అయాను. విశ్రాంతి స్థితిలో ఉన్న గుండె కండర కణపు కణద్రవ్యంలో స్వేచ్ఛా కాల్షియం దానికంటే సుమారు పదివేల రెట్లు తక్కువ. కణం సంకోచించే క్షణంలో ఆ కొద్దిపాటి గాఢత పది రెట్లు పెరిగి, వెంటనే మళ్ళీ పూర్వస్థితికి పడిపోతుంది. నిమిషానికి 72 స్పందనల లెక్కన రోజుకు లక్షకు పైగా సార్లు ఈ ఆటుపోటు జరుగుతుంది.

కణం ఇంత శ్రమపడి కాల్షియంను బయటే ఎందుకు ఉంచుతుంది? నేలల శాస్త్రం చదివిన విద్యార్థికి సమాధానం చేతిలోనే ఉంది. సున్నం ఎక్కువగా ఉన్న నేలలో వేసిన భాస్వరం కాల్షియం ఫాస్ఫేటుగా స్థిరపడి మొక్కకు అందకుండా పోతుంది. జీవకణం తన శక్తి వ్యవహారమంతా భాస్వరంతోనే నడుపుతుంది. కణద్రవ్యంలోకి కాల్షియం స్వేచ్ఛగా ప్రవహిస్తే అక్కడా అదే జరుగుతుంది. కనుక జీవులు తొలినాళ్ళ నుంచే కాల్షియంను గడప బయట నిలిపాయి. బయట ఎక్కువ, లోపల తక్కువ అన్న ఈ తేడాయే తర్వాత సంకేతానికి ఆధారమైంది. గడప కొద్దిగా తెరిస్తే చాలు, లోపల గాఢత అనేక రెట్లు మారిపోతుంది.

దిల్‌సుఖ్‌నగర్‌కు ఆనుకుని ఉన్న సరూర్‌నగర్ చెరువు ఒకప్పుడు సాగునీటి చెరువు. చెరువు నిండుగా ఉన్నంత మాత్రాన ఆయకట్టు తడవదు. తూము ఎంత ఎత్తితే అంతే నీరు పారుతుంది. తూము ఎత్తేవాడు, దించేవాడు నీరటి. ఏ మడికి ఎప్పుడు నీరు విడవాలో నీరటికి కబురు రావాలి. గుండె కణానికి ఆ కబుర్లు హార్మోన్లు. అవి నీటిని తేవు. తూములు, తోడే యంత్రాలు పనిచేసే తీరును మారుస్తాయి.

కుళాయి నీటితో తేలిన సత్యం

గుండెకు కాల్షియం అవసరమన్న సంగతి కొంత యాదృచ్ఛికంగా బయటపడింది. 1880లలో లండన్ వైద్యుడు సిడ్నీ రింగర్ కప్ప గుండెను లవణ ద్రావణంలో ఉంచి పరిశీలించేవాడు. ద్రావణాన్ని స్వేదన జలంతో తయారుచేశామనే ఆయన భావించాడు. గుండె చక్కగా కొట్టుకునేది. అయితే వాడిన నీరు కుళాయి నీరని తర్వాత తెలిసింది. నిజంగా స్వేదన జలం వాడితే గుండె కొద్దిసేపటికే ఆగిపోయింది. కుళాయి నీటిలోని కాల్షియం గుండెను నడిపిందని 1883లో ఆయన ప్రకటించాడు. ప్రయోగశాలలో నీటి నాణ్యతను రాసిపెట్టుకోవాలని విద్యార్థులకు చెప్పేటప్పుడు ఈ కథ కంటే మంచి ఉదాహరణ దొరకదు.

తర్వాతి శతాబ్దంలో ఆ కాల్షియం దారి ఒక్కొక్క మజిలీగా స్పష్టమైంది. విద్యుత్ తరంగం కణత్వచం మీదుగా సాగినప్పుడు త్వచంలోని ఎల్ రకం కాల్షియం ద్వారాలు తెరుచుకుంటాయి. బయటి నుంచి కొద్ది కాల్షియం లోపలికి వస్తుంది. సంకోచానికి అది చాలదు. కణం లోపల సార్కోప్లాస్మిక్ రెటిక్యులం అనే సంచి ఉంటుంది. వచ్చిన కొద్ది కాల్షియం ఆ సంచి తలుపు తడుతుంది. తలుపు తెరుచుకుని, నిల్వ ఉన్న కాల్షియం ఒక్కసారిగా కణద్రవ్యంలోకి విడుదలవుతుంది. అది ట్రోపోనిన్ అనే మాంసకృత్తును అంటుకోగానే కండర తంతువులు ఒకదానిపైకి మరొకటి జారి కణం ముడుచుకుంటుంది.

ఆ సంచి తలుపు పేరు రయనోడిన్ గ్రాహకం. ఈ పేరు వినగానే కీటకశాస్త్ర విద్యార్థి తల ఎత్తాలి. రయానియా అనే దక్షిణ అమెరికా మొక్క కాండంలోని రయనోడిన్‌ను పూర్వం పురుగుమందుగా వాడేవారు. ఆ విషపదార్థం ఎక్కడ అంటుకుంటుందో వెదుకుతూ పోయిన శాస్త్రజ్ఞులకు దొరికినదే ఈ తలుపు. తర్వాతి కాలంలో వచ్చిన ఫ్లూబెండియమైడ్, క్లోరాంట్రానిలిప్రోల్ వంటి డైఅమైడ్ మందులు కూడా ఈ తలుపు మీదనే పనిచేస్తాయి. వరిలో కాండం తొలుచు పురుగుకు ఎకరాకు 4 కిలోల చొప్పున చల్లే 0.4 శాతం క్లోరాంట్రానిలిప్రోల్ గుళికలు, పురుగు కండరాల్లో కాల్షియం తలుపును మూసుకోనీయకుండా తెరిచి ఉంచుతాయి. కండరాలు బిగుసుకుని పురుగు మేత మానేస్తుంది, తర్వాత చనిపోతుంది. కీటకాల్లో ఈ గ్రాహకం ఒకటే రకం. క్షీరదాల్లో మూడు రకాలు. గుండెలో ఉండేది రెండో రకం. డైఅమైడ్ మందులు కీటకపు తలుపును పట్టినంత బలంగా క్షీరదపు తలుపును పట్టవు. పిచికారీ చేసే రైతు గుండెకు వీటి వల్ల ముప్పు తక్కువగా ఉండటానికి ఇది ప్రధాన కారణం. క్యాబేజీలో డైమండ్ రెక్కల పురుగు ఈ మందులకు లొంగకుండా పోయినచోట, తలుపు నిర్మాణంలో ఒకే ఒక అమైనో ఆమ్లం మార్పు కనిపించింది. తలుపు ఎంత సున్నితమైనదో దీనినిబట్టి ఊహించవచ్చు.

మెట్లెక్కే విద్యార్థి

సంకోచం తర్వాత కాల్షియంను తొలగించకపోతే గుండె సడలదు. సడలని గుండెలోకి రక్తం చేరదు. రక్తం చేరని గుండె ఎంత బలంగా ముడుచుకున్నా ప్రయోజనం లేదు. విడుదలైన కాల్షియంలో అధిక భాగాన్ని సెర్కా అనే పంపు తిరిగి సంచిలోకి తోడుతుంది. మిగిలినదానిని సోడియం–కాల్షియం వినిమయకం కణం బయటికి పంపుతుంది. సెర్కా పంపుపై ఫాస్ఫోలాంబాన్ అనే చిన్న మాంసకృత్తు కళ్ళెంలా ఉండి దాని వేగాన్ని అదుపులో ఉంచుతుంది.

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ మెట్లు ఆదరాబాదరాగా ఎక్కే విద్యార్థిని తీసుకుందాం. శిక్షణ తరగతికి ఆలస్యమైంది, పైగా ఆ రోజు పరీక్ష. గుండె నిమిషానికి 72 నుంచి 150కి చేరిందనుకుంటే, ఒక్కొక్క స్పందనకు లభించే కాలం 0.83 సెకను నుంచి 0.4 సెకనుకు పడిపోతుంది. ఆ సగం కాలంలోనే ముడుచుకోవడం, సడలడం, నిండటం పూర్తికావాలి. తూము ఇంకా పెద్దదిగా తెరిస్తే సరిపోతుందని మొదట అనిపిస్తుంది. అలా చేస్తే గుండె బలంగా ముడుచుకుంటుంది గాని సడలడానికి వ్యవధి చాలక బిగుసుకుపోతుంది. తెరవడంతోపాటు తోడే వేగమూ పెరగాలి.

అధివృక్క గ్రంథి విడుదల చేసే అడ్రినలిన్, గుండెకు వచ్చే నాడుల చివర వెలువడే నారడ్రినలిన్ ఈ రెండు పనులనూ ఒకే కబురుతో చేయిస్తాయి. హార్మోను కణం లోపలికి రాదు. త్వచంపై ఉన్న బీటా గ్రాహకాన్ని తాకుతుంది. లోపల వలయ ఏఎంపీ అనే చిన్న అణువు తయారవుతుంది. ఇది ప్రొటీన్ కైనేజ్–ఏ అనే ఎంజైమును మేల్కొలుపుతుంది. ఆ ఎంజైము ఎల్ రకం ద్వారానికి ఫాస్ఫేటు తగిలించి కాల్షియం రాకను పెంచుతుంది. ఫాస్ఫోలాంబాన్‌కూ ఫాస్ఫేటు తగిలించి కళ్ళెం వదులుచేస్తుంది. ట్రోపోనిన్ కాల్షియంను త్వరగా వదిలిపెట్టేలా చేస్తుంది. ఫలితంగా గుండె బలంగా ముడుచుకోవడమే కాక త్వరగా సడలుతుంది. వలయ ఏఎంపీని గుర్తించిన ఎర్ల్ సదర్లాండ్‌కు 1971లో, బీటా గ్రాహకం కుటుంబాన్ని అధ్యయనం చేసిన రాబర్ట్ లెఫ్కోవిట్జ్, బ్రయన్ కోబిల్కాలకు 2012లో నోబెల్ బహుమతులు లభించాయి. పరుగు ఆగిన కొద్ది నిమిషాలకే ఫాస్ఫేటులు తొలగి, కళ్ళెం మళ్ళీ బిగుసుకుంటుంది.

ఎల్బీనగర్ దాటి విజయవాడ రహదారిపై ముందుకు వెళితే హయత్‌నగర్ వస్తుంది. సంతోష్‌నగర్‌లోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థకు అక్కడ పరిశోధన క్షేత్రం ఉంది. ఎర్ర నేలల్లో బెట్ట తగిలిన ఆముదం ఆకును ఊహించుకుంటే గుండె కణం మరింత సులభంగా బోధపడుతుంది. వేరు వద్ద తేమ తగ్గగానే అబ్సిసిక్ ఆమ్లమనే హార్మోను పెరుగుతుంది. ఆకు పత్రరంధ్రపు రక్షక కణాల్లో అది కాల్షియం ద్వారాలను తెరిపిస్తుంది. కణద్రవ్యంలో కాల్షియం పెరిగి, రుణ అయాన్లు, ఆపైన పొటాషియం బయటికి పోతాయి. కణం వడలి రంధ్రం మూసుకుంటుంది. జంతువుకు అడ్రినలిన్ ఎలాగో మొక్కకు అబ్సిసిక్ ఆమ్లం అలాగ ఆపద్ధర్మపు హార్మోను. రెండింటి ఆజ్ఞలోనూ కాల్షియం మధ్యవర్తి. ఆకు మీద కాల్షియం లవణం పిచికారీ చేసినంత మాత్రాన బెట్ట సంకేతానికి బదులు కాదు. గుండెకు కాల్షియం మాత్రలు బలమన్న నమ్మకానికీ ఈ మాటే వర్తిస్తుంది. భారత వైద్య పరిశోధన మండలి, జాతీయ పోషకాహార సంస్థ 2020లో వయోజనులకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం సిఫారసు చేశాయి. 100 గ్రాముల రాగిలో సుమారు 364 మిల్లీగ్రాములు ఉంటుంది. ఎముకలకు ఇవన్నీ కావాలి. రక్తంలో కాల్షియం సాధారణ స్థాయిలో ఉన్న మనిషికి ఇంకొంత తినిపిస్తే గుండె స్పందన బలపడదు. కణం గడప దగ్గర లెక్క వేరు.

భీమవరం వాసి ఇంధనం

సెర్కా పంపు రెండు కాల్షియం అయాన్లను సంచిలోకి తోడటానికి ఒక ఏటీపీ అణువును ఖర్చుచేస్తుంది. కండరంలో ఆ ఏటీపీని కనుగొన్నవారిలో ఒకరు తెలుగువారు. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యవిద్య చదివి, 1923లో అమెరికాలోని బోస్టన్ చేరి, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేశాడు. వారిద్దరూ 1925లో ప్రకటించిన భాస్వరం కొలిచే నీలిరంగు పద్ధతి జీవరసాయన విద్యార్థులకు ఫిస్కే–సుబ్బారావు పద్ధతిగా సుపరిచితం. నేల నమూనాలో లభ్య భాస్వరాన్ని మాలిబ్డినం నీలిరంగుతో కొలిచే ప్రతి ప్రయోగశాల ఆ కుటుంబానికి చెందిన రసాయన చర్యనే వాడుకుంటోంది. ఆ పద్ధతి చేతిలో ఉండబట్టే వారు 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని గుర్తించగలిగారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడాది ఏటీపీని ప్రకటించాడు. కొలిచే సాధనం ముందు, ఆవిష్కరణ తర్వాత అన్న వరుస పరిశోధక విద్యార్థులు గమనించదగ్గది.

గుండెకు రక్త సరఫరా తగ్గినప్పుడు ఏటీపీ తరిగి, పంపు కుంటుపడి, కణద్రవ్యంలో కాల్షియం మిగిలిపోతుంది. గుండె ముందుగా సడలే శక్తిని కోల్పోతుంది. ముడుచుకునే శక్తి తర్వాత పోతుంది.

రోజులు పట్టే ఆజ్ఞలు

అడ్రినలిన్ క్షణాల్లో పనిచేస్తే అవటు గ్రంథి హార్మోను రోజుల తరబడి పనిచేస్తుంది. ఇది కణం లోపలికి, అక్కడి నుంచి కేంద్రకంలోకి చేరి జన్యువులపై ప్రభావం చూపుతుంది. సెర్కా పంపుల ఉత్పత్తిని పెంచి, ఫాస్ఫోలాంబాన్‌ను తగ్గిస్తుంది. బీటా గ్రాహకాల సంఖ్యనూ పెంచుతుంది. నీరటికి కబురు పంపడం ఒక పని అయితే తూములనే మార్చి కట్టడం మరో పని. ఈ హార్మోను రెండో కోవది. అది ఎక్కువైనవారి గుండె విశ్రాంతిలోనూ వేగంగా కొట్టుకుంటుంది, ఒక్కొక్కసారి లయ తప్పుతుంది. తక్కువైనవారి గుండె నెమ్మదిగా ముడుచుకుని, మరింత నెమ్మదిగా సడలుతుంది.

ఇక్కడ వ్యవసాయానికి ఒక ముడి ఉంది. ఆ హార్మోను తయారీకి అయోడిన్ కావాలి. అయోడిన్ తక్కువగా ఉన్న ప్రాంతాల్లో సజ్జలే ప్రధానాహారమైతే వాటిలోని ఫ్లేవనాయిడ్లు గ్రంథి పనికి అడ్డుతగులుతాయని సూడాన్‌లో జరిగిన పరిశోధనలు సూచించాయి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా పాటించిన తర్వాత ఈ అంశం పట్టణ గృహిణులు కూడా అడుగుతున్న ప్రశ్నగా మారింది. అయోడిన్ ఉప్పు వాడే ఇంట్లో మితంగా తినే సజ్జ రొట్టెతో భయపడవలసిన పని లేదు. చిరుధాన్యాలకు మారుతూ, అదే ఉత్సాహంలో అయోడిన్ ఉప్పును మానేసి రాతి ఉప్పుకు మారే కుటుంబాలకు మాత్రం ఈ మాట చెప్పి తీరాలి.

ఇన్సులిన్, యాంజియోటెన్సిన్, ఈస్ట్రోజెన్ హార్మోన్లకూ ఈ వ్యవస్థలో పాత్ర ఉంది. దీర్ఘకాల మధుమేహంలో సెర్కా పంపు బలహీనపడి గుండె సడలింపు మందగించడం వాటిలో ముఖ్యమైనది. మిగిలిన వివరాలు వైద్య గ్రంథాల పరిధిలోనివి.

కొట్టంలో పరీక్ష

నల్గొండ, రంగారెడ్డి జిల్లాల పాల ఉత్పత్తిదారుల డెయిరీ హయత్‌నగర్‌లో ఉంది. అక్కడి నుంచి బాటసింగారం, చౌటుప్పల్ వైపు ఉన్న పాడి గ్రామాల్లో కాల్షియం–హార్మోను–గుండె అనే మూడు మాటలు ఒకేచోట కలిసే సందర్భం పాలజ్వరం. పేరులో జ్వరం ఉన్నా, నిజానికి పశువు ఒళ్ళు చల్లబడుతుంది. ఈనిన తర్వాత రెండు మూడు రోజుల లోపు ఎక్కువ పాలిచ్చే ఆవు గాని గేదె గాని లేవలేక, మెడను డొక్కవైపు తిప్పుకుని పడుకుంటుంది. చెవులు చల్లగా ఉంటాయి. గుండె చప్పుడు మందంగా, వేగంగా వినిపిస్తుంది.

కారణం కాల్షియం లెక్కలో ఉంది. 10 లీటర్ల జున్నుపాలతో ఆవు సుమారు 23 గ్రాముల కాల్షియం కోల్పోతుంది. దాని రక్తంలో ఒక సమయంలో తిరుగాడే కాల్షియం 3 గ్రాములకు మించదు. ఆ లోటును పూడ్చవలసినది పార్శ్వావటు గ్రంథుల హార్మోను. అది ఎముక నుంచి కాల్షియంను విడిపిస్తుంది, మూత్రంలో పోకుండా నిలుపుతుంది, విటమిన్–డిని చైతన్యవంతం చేసి పేగు నుంచి గ్రహింపును పెంచుతుంది. ఈ పనులు అందుకోవడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఆ వ్యవధిలో రక్తంలో కాల్షియం సగానికి పడిపోతే, ఎల్ రకం ద్వారం గుండా వచ్చే తొలి విడత తగ్గుతుంది. సంచి తలుపు సరిగా తెరుచుకోదు, గుండె ముడుచుకునే బలం తగ్గుతుంది. కొట్టంలో వినిపించే మందమైన గుండె చప్పుడుకు అర్థం ఇది.

చూడి చివరి వారాల్లో పశువుకు కాల్షియం మిశ్రమం దండిగా తినిపిస్తే ఈ జబ్బు రాదని చాలామంది రైతులు నమ్ముతారు. ఫలితం తరచు విపరీతమవుతుంది. మేతలో కాల్షియం పుష్కలంగా అందుతుంటే పార్శ్వావటు గ్రంథులకు పని ఉండదు. ఈనిన రోజున అకస్మాత్తుగా అవసరం పడితే హార్మోను వ్యవస్థ సిద్ధంగా ఉండదు. రెండో కారణం సస్యశాస్త్రజ్ఞులకు మరింత దగ్గరిది. పొటాష్ ఎరువు, పేడ ఎరువు అధికంగా వేసిన హైబ్రిడ్ నేపియర్ గడ్డిలో పొటాషియం ఎక్కువ. దానితో పశువు రక్తం క్షారగుణం వైపు మొగ్గుతుంది. అప్పుడు హార్మోను విడుదలైనా ఎముక, మూత్రపిండాల్లోని గ్రాహకాలు సరిగా స్పందించవు. మెగ్నీషియం లోపం దీనికి తోడవుతుంది. అందువల్ల ఈనడానికి ముందు మూడు వారాలు పొటాషియం తక్కువగా ఉండే ఎండు మేత పాలు పెంచడం, పశువైద్యుని సలహాపై రుణ అయాను లవణాలు కలపడం మంచిది. పశుగ్రాస ప్రదర్శన క్షేత్రాల్లో ఎరువు మోతాదు రాసేటప్పుడు ఆ గడ్డి ఏ దశలో ఉన్న పశువుకు పోతుందో అడగడం అరుదు. అడగాలి.

జబ్బు వచ్చాక చికిత్స కాల్షియం బోరోగ్లూకోనేట్. సిరలోకి ఎక్కించగానే అరగంటలో పశువు లేచి నిలబడటం పాడి గ్రామాల్లో అందరూ చూసిన దృశ్యమే. ఆ విజయమే ప్రమాదానికి దారితీస్తుంది. త్వరగా లేవాలన్న ఆత్రంలో సీసాను ఎత్తిపట్టి కొద్ది నిమిషాల్లో ఖాళీచేస్తే పశువు అక్కడే కూలిపోవచ్చు. అకస్మాత్తుగా పెరిగిన కాల్షియంతో గుండె కణపు సంచి అతిగా నిండుతుంది. అతిగా నిండిన సంచి కబురు లేకుండానే కాల్షియంను కారుస్తుంది. దానిని బయటికి పంపే వినిమయకం ఆ క్రమంలో విద్యుత్ ప్రవాహాన్ని పుట్టించి గుండె లయను తప్పిస్తుంది. మరోవైపు గుండెలో విద్యుత్ తరంగం పుట్టి సాగే వేగమూ మందగిస్తుంది.

పడిపోయిన ప్రతి పశువుకూ కాల్షియమే మందు కాదు. మేత కరువైన వేసవిలో గన్నేరు ఆకులు తిన్న మేకలు, పశువులు కూడా ఇలాగే పడిపోతాయి. గన్నేరులోని విషం సోడియం–పొటాషియం పంపును అడ్డుకుంటుంది. కణంలో సోడియం పెరగడంతో కాల్షియం బయటికి పోయే దారి మూసుకుపోతుంది. గుండె కణం అప్పటికే కాల్షియంతో నిండి ఉంటుంది. ఈనిన పశువు కాదా, చుట్టుపక్కల గన్నేరు కొమ్మలు విరిచి ఉన్నాయా అన్న రెండు ప్రశ్నలు అడగకుండా కాల్షియం సీసా తీయకూడదు.

అడ్రినలిన్ ఇక్కడికీ వస్తుంది. కొత్త మనుషులు చుట్టుముట్టి, తాళ్ళతో బిగించి, కేకలు వేస్తుంటే పశువు భయంతో ఆ హార్మోనును విడుదల చేస్తుంది. ద్వారాలు, పంపు రెండూ వేగం పుంజుకున్న ఆ స్థితిలో సంచిలోకి మరింత కాల్షియం చేరుతుంది కనుక లయ తప్పే అవకాశం పెరుగుతుంది. అందుకే పశువైద్యులు ముందుగా జనాన్ని దూరంగా పంపి, పశువును రొమ్ము మీద నిటారుగా కూర్చోబెట్టి, పక్కన గడ్డి కట్ట ఆసరాగా పెట్టిస్తారు. మందు సీసాను గోరువెచ్చని నీటిలో ఉంచి ఒంటి వేడికి తెస్తారు. ఒక చేత్తో గొట్టం, మరో చేత్తో స్టెతస్కోపు పట్టుకుని, పది నుంచి ఇరవై నిమిషాలకు తగ్గకుండా మందును నెమ్మదిగా వదులుతారు. గుండె చప్పుడు బలపడుతూ లయ నిలకడగా ఉంటే కొనసాగిస్తారు. లయ తప్పినా, మరీ నెమ్మదించినా గొట్టాన్ని నొక్కిపట్టి, చప్పుడు మళ్ళీ సర్దుకునేదాకా ఆగుతారు.